చైనా బ్లాక్ టీ మన వంటింట్లో ఎందుకు తేలిపోతుంది?

చైనా బ్లాక్ టీ ప్యాకెట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి. కీమున్, డియన్‌హాంగ్, లాప్సాంగ్ సూచాంగ్, జిన్ జున్ మెయ్ అని నోరు తిరగని పేర్లు, ధర చూస్తే మామూలు టీ పొడికి ఎన్నో రెట్లు. తీరా తెచ్చి గిన్నెలో నీళ్లు మరిగించి, రెండు చెంచాలు వేసి పాలు పోస్తే రంగు రాదు, చిక్కదనం ఉండదు, పాలవాసనే మిగులుతుంది. నకిలీ సరుకు అంటగట్టారేమో అన్నదే కొన్నవాళ్లకు వచ్చే మొదటి అనుమానం. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు గానీ చాలాసార్లు సరుకు బాగానే ఉంటుంది, కాచిన పద్ధతే దానికి సరిపడదు. పైగా సూచనలకు ఒకదానికొకటి పొంతన ఉండదు. ఒక ప్యాకెట్ మీద 10 సెకన్లు నానబెట్టమని ఉంటే ఇంకోదాని మీద 5 నిమిషాలని ఉంటుంది.

క్లుప్తంగా

మన టీ పొడిని యంత్రంలో చిన్న గుళికలుగా చేస్తారు కాబట్టి అది త్వరగా, గాఢంగా దిగుతుంది, పాలను తట్టుకుంటుంది. చైనా బ్లాక్ టీలో మంచి రకాలన్నీ విరగని ఆకు. అవి నెమ్మదిగా దిగుతాయి, వాటి విలువంతా వాసనలో ఉంటుంది, మరిగిస్తే ముందు పోయేది ఆ వాసనే. ఎక్కువ ఆకు, తక్కువ నీళ్లు, తక్కువ సమయం అన్న పద్ధతి అందుకే పుట్టింది. ధరల్లో కనిపించే గందరగోళానికి మాత్రం ఆకు ఒక్కటే కారణం కాదు, పేర్ల మీద నడిచిన కోర్టు వివాదాలు కూడా కారణమే.

ఆకును విరిచే తీరులోనే మొదటి తేడా

మన ఇళ్లలో వాడే టీ పొడిలో ఎక్కువ భాగం సీటీసీ (క్రష్, టేర్, కర్ల్) రకం. 1930లలో అస్సాంలో మొదలైన యంత్ర పద్ధతి ఇది. పళ్లున్న రోలర్లు వేర్వేరు వేగాలతో ఎదురెదురుగా తిరుగుతుంటే వాటి మధ్యలోంచి పోయే ఆకు నలిగి, చిరిగి, గుళికలుగా చుట్టుకుంటుంది. ఆకులోని కణాలు దాదాపు అన్నీ ఒక్కసారిగా పగిలిపోతాయి, లోపలి రసం గాలికి తగిలి వేగంగా రంగు మారుతుంది, గంటా గంటన్నరలో ఆ దశ పూర్తయిపోతుంది. దక్షిణాదిలో ఎక్కువగా అమ్ముడుపోయేది అందులోనూ సన్నటి డస్ట్ రకం. ఒక చెంచాతో ఎక్కువ కప్పులు వస్తాయి, రంగు చిటికెలో దిగుతుంది, రోజంతా పొయ్యి మీద గిన్నె ఉండే టీ కొట్టుకు అంతకంటే కావాల్సింది లేదు.

చైనాలో మంచి బ్లాక్ టీ తయారీ వేరే దారిలో నడుస్తుంది. మొగ్గతో పాటు ఒకటి రెండు లేత ఆకులు కోసి, మెత్తబడేదాకా వాడబెడతారు. తర్వాత వాటిని తెగిపోకుండా నులుముతారు, ఆకు సన్నటి పురిలా మెలితిరుగుతుంది. కణాలు పగులుతాయి గానీ ఆకు ఆకుగానే ఉంటుంది. దాన్ని వెచ్చగా, తేమగా ఉండే గదిలో కొన్ని గంటలు ఉంచితే పచ్చదనం పోయి రాగి రంగుకు తిరుగుతుంది, అప్పుడు వేడి గాలితో ఆరబెడతారు. ఈ రంగు మారే దశను చాలామంది పులియబెట్టడం అంటారు, నిజానికి ఇడ్లీపిండిలో జరిగేదానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ సూక్ష్మజీవుల పని దాదాపు ఏమీ లేదు, కోసిన వంకాయ నల్లబడటానికి కారణమయ్యే ఎంజైముల్లాంటివే ఆకులోనూ ఉండి ఆ పని చేస్తాయి.

కప్పులోకి వచ్చేసరికి ఈ రెండు దారుల తేడా అంతా వేగంలో కనిపిస్తుంది. నీటికి తగిలే ఉపరితలం గుళికలో ఎక్కువ, మెలితిరిగిన ఆకులో తక్కువ. బెల్లం తురిమి నీళ్లలో వేస్తే ఎంత త్వరగా కరుగుతుందో, అచ్చు అలాగే వేస్తే ఎంత ఆలస్యమో తెలిసిందే. సీటీసీ టీ తన దగ్గరున్నదంతా రెండు మూడు నిమిషాల్లో ఇచ్చేస్తుంది, పిప్పిని మళ్లీ మరిగిస్తే వచ్చేది రంగునీళ్లే. ఆకు టీ మాత్రం ఐదారుసార్లు నీళ్లు పోసినా ప్రతిసారీ కొంత ఇస్తుంది, మొదటి విడతలో ముందుకొచ్చే రుచి నాలుగో విడతలో ఉండదు.

పాలు చేసే పని

తాజా టీ ఆకులో ఎండు బరువు ప్రకారం చూస్తే పెద్ద వాటా కాటెకిన్లు అనే పదార్థాలది. గాలి తగిలి రంగు మారేటప్పుడు అవే థియాఫ్లావిన్లుగా, థియారూబిజిన్లుగా మారతాయి. మొదటివి టీకి మెరుపునీ నాలుక మీద చురుకునీ ఇస్తాయి. రెండోవాటి వల్ల ఎర్రటి రంగు, చిక్కదనం. అస్సాం రకం మొక్కకు ఆకు పెద్దది, అందులో కాటెకిన్లు కూడా ఎక్కువ. చైనా రకం మొక్కకు ఆకు చిన్నది, కాటెకిన్లు తక్కువ, చలి ప్రాంతాల్లో నెమ్మదిగా పెరుగుతుంది.

వగరు రుచి కాదు, స్పర్శ. టీలోని ఈ పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి, నోట్లో జారుడు తగ్గి నాలుక పొడిబారినట్టవుతుంది. పాలలోని కేసిన్ కూడా ప్రొటీనే కాబట్టి పాలు పోస్తే అవి ముందు దాన్ని పట్టుకుంటాయి, నాలుక జోలికి రావు. కడక్ చాయ్‌లో వగరు అంత ఉన్నా గొంతు పట్టకపోవడానికి ఇదే కారణం. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో డికాషన్‌ను సన్నటి మంట మీద చాలాసేపు ఉంచి, పాలను విడిగా చిక్కబెట్టి కప్పులో కలుపుతారు. అంతసేపు వేడిమీద ఉన్నా అది నిలబడుతుందంటే ఆ చాయ్ ఆధారపడేది చిక్కదనం, వగరు, చక్కెరల మీద కాబట్టి. పువ్వు వాసనో పండు వాసనో అందులో ఎవరూ వెతకరు.

అదే పని కీమున్‌తో చేస్తే లెక్క తప్పుతుంది. ఉన్న కాస్త చురుకునూ కేసిన్ లాగేసుకుంటుంది, మరుగుతున్న గిన్నె మీంచి వాసన ఆవిరితో పోతుంది. వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, కప్పులో ఏమీ ఉండదు.

చైనావాళ్ల అభిరుచి గొప్పదనీ మనది మోటుదనీ అనుకోవడానికి ఇందులో ఏమీ లేదు. ఆ ఆకును అలా తాగడానికి తయారుచేశారు, ఈ పొడిని ఇలా తాగడానికి తయారుచేశారు. సీటీసీ పొడిని పాలు లేకుండా 5 నిమిషాలు నానబెట్టి తాగినా అంతే ఇబ్బందిగా ఉంటుంది.

వాసన ఎక్కడి నుంచి వస్తుంది

చైనా బ్లాక్ టీ గురించి రాసేవాళ్లు గులాబీ, తేనె, కోకో, చిలగడదుంప అని రకరకాల వాసనలు చెబుతుంటారు. అవేవీ పైనుంచి కలిపినవి కావు, కొంత అతిశయోక్తి ఉన్నా పూర్తిగా ఊహలూ కావు. టీ ఆకులో వాసననిచ్చే పదార్థాల్లో చాలా భాగం చక్కెర అణువులకు అతుక్కుని ఉంటాయి, ఆ స్థితిలో వాటికి వాసన ఉండదు. ఆకును వాడబెట్టి నులిమినప్పుడు ఎంజైములు ఆ బంధాన్ని తెంపుతాయి, లినలూల్, జెరానియోల్ లాంటివి విడుదలవుతాయి. జెరానియోల్ గులాబీల్లో కూడా ఉండే పదార్థమే. చైనా రకం మొక్కల్లో దాని వాటా ఎక్కువ, అస్సాం రకంలో లినలూల్ వాటా ఎక్కువ. కీమున్‌కు గులాబీ వాసన అన్న పేరు రావడానికి ఆధారం అదే.

వాడబెట్టడం ఇక్కడ కీలకం. తొందరపడి తక్కువసేపు వాడబెడితే పచ్చి ఆకు వాసన మిగిలిపోతుంది, మరీ ఎక్కువైతే ఆకు ఎండి నులమడానికి రాదు. చివర్లో ఆరబెట్టే వేడి కూడా రుచిని మారుస్తుంది. ఎక్కువ వేడి తగిలితే చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి బ్రెడ్ కాల్చినట్టు, మాల్ట్ లాంటి వాసన వస్తుంది. నైరుతి చైనాలోని యున్నాన్ రాష్ట్రం టీల్లో కోకో గుర్తుకొచ్చేలా ఉండేదానిలో దీని పాత్ర కొంత ఉంది.

వూయీ, చీమెన్, యున్నాన్

ప్రపంచంలో బ్లాక్ టీ పుట్టిల్లుగా చెప్పేది ఫూజియాన్ రాష్ట్రంలోని వూయీ కొండల్లో ఉన్న టోంగ్‌ము గ్రామాన్ని. దాని పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథ ఒకటుంది. సైన్యం ఊళ్లో మకాం వేయడంతో కోసిన ఆకు సమయానికి వేపలేకపోయారనీ, అది ఎర్రబడిపోతే పైన్ కట్టెల మంట మీద గబగబా ఆరబెట్టి అమ్మేశారనీ. కథ ఎంత నిజమైనా కాకపోయినా పైన్ పొగ మాత్రం నిజం. టోంగ్‌ములో పాతకాలపు మూడంతస్తుల చెక్క మిద్దెలుంటాయి. కింద పైన్ కట్టెలు కాలుస్తారు, పై అంతస్తుల్లో పరిచిన ఆకు ఆ వేడికి వాడుతుంది, పొగ పీల్చుకుంటుంది. కొండల్లో వానలు, మంచు ఎక్కువ, ఎండలో వాడబెట్టే వీలు చాలా రోజులు ఉండదు. రుచి కోసం కనిపెట్టిన పద్ధతి కంటే వాతావరణం తోసిన పద్ధతి అనడమే సబబు. లాప్సాంగ్ సూచాంగ్ అదే.

ఐరోపాకు చేరిన తొలి బ్లాక్ టీలు ఈ వూయీ ప్రాంతానివే. ఆ పేరే అక్కడ బోహియా అయింది. 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో సముద్రంలోకి విసిరేసిన 342 పెట్టెల్లో 240 బోహియా పెట్టెలే. తర్వాత లాప్సాంగ్‌కు ఐరోపాలో గిరాకీ పెరిగేకొద్దీ టోంగ్‌ము బయట కూడా మోటు ఆకుకు గట్టిగా పొగ పట్టించి ఎగుమతి చేయడం మొదలైంది. ఈ రోజు లాప్సాంగ్ పేరుతో దొరికే వాటిలో రెండు పూర్తిగా వేర్వేరు సరుకులు ఉండటానికి కారణం అది. ఒకటి ఘాటు పొగ వాసనతో ఉంటుంది. రెండోది పొగ పట్టించనిది లేదా లేతగా పట్టించినది, తియ్యగా, ఎండబెట్టిన లాంగన్ పండు వాసనతో (లాంగన్ మన లిచీకి దగ్గరి చుట్టం). పొగ టీకి ఈమధ్య ఇంకో చిక్కు వచ్చిపడింది. కట్టెల పొగతో ఆంత్రాక్వినోన్ అనే పదార్థం ఆకులోకి చేరవచ్చు, యూరోపియన్ యూనియన్ టీలో దానికి కిలోకు 0.02 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. సంప్రదాయ పద్ధతిలో పొగ పట్టించిన టీ ఆ గీత దాటకుండా ఉండటం కష్టం.

కీమున్ కథలో కాలం ముఖ్యం. ఆన్‌హుయ్ రాష్ట్రంలోని చీమెన్ (ఆ పేరే కీమున్ అయింది) ప్రాంతంలో 1870ల దాకా గ్రీన్ టీయే చేసేవారు. 1875 ప్రాంతంలో యూ గాన్‌చెన్ అనే ఉద్యోగం పోయిన అధికారి ఫూజియాన్‌లో చూసిన బ్లాక్ టీ పద్ధతిని ఇక్కడ మొదలుపెట్టాడని ఒక వాదన, హూ యువాన్‌లాంగ్ అనే స్థానికుడే మొదలుపెట్టాడని ఇంకో వాదన. ఎవరైతేనేం, సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే అస్సాం టీ బ్రిటన్ మార్కెట్‌ను ఆక్రమించేస్తోంది, 1880ల చివరికల్లా అక్కడికి వెళ్లే టీలో భారత్ వాటా చైనాను దాటేసింది. చిక్కదనంలోనూ ధరలోనూ అస్సాంతో పోటీ పడలేని చైనాకు మిగిలిన బలం వాసన. కీమున్ ఆ చోటులో నిలబడింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో పనామా పసిఫిక్ ప్రదర్శనలో పతకం గెలిచింది, బ్రిటిష్ వాళ్ల బ్రేక్‌ఫాస్ట్ మిశ్రమాల్లో చాలాకాలం కలిసింది. అంటే పాలతో కీమున్ తాగిన వాళ్లూ ఉన్నారు, కాకపోతే అది మరిగించిన టీ కాదు, టీపాట్‌లో నానబెట్టాక పైన కొద్దిగా పాలు పోసిన టీ.

యున్నాన్‌ది మాత్రం యుద్ధం వల్ల పుట్టిన టీ. 1937 తర్వాత తూర్పు చైనాలోని టీ ప్రాంతాలు జపాన్ దాడిలో చిక్కుకున్నాయి, ఎగుమతులకు వేరే చోటు కావలసివచ్చింది. 1938లో ఫెంగ్ షావోచియు అనే టీ నిపుణుడు యున్నాన్‌లోని ఇప్పటి ఫెంగ్‌చింగ్‌కు వెళ్లి అక్కడి పెద్దాకు రకం మొక్కతో బ్లాక్ టీ చేయించాడు. అదే డియన్‌హాంగ్. ఆ మొక్క మన అస్సాం మొక్కకు బంధువు, అందుకే చైనా బ్లాక్ టీల్లో చిక్కదనం బాగా ఉన్నది ఇదే. మొగ్గల మీది నూగు ఎర్రబడే దశలో బంగారు రంగుకు తిరుగుతుంది. ప్యాకెట్‌లో ఎంత బంగారు రంగు కనిపిస్తే అంత మొగ్గ ఉన్నట్టు, అంతవరకే. మొగ్గ ఎక్కువైతే తీపి, మెత్తదనం పెరుగుతాయి గానీ చిక్కదనం తగ్గుతుంది, అంచేత ఖరీదైన డియన్‌హాంగ్ అందరికీ నచ్చాలని లేదు.

జిన్ జున్ మెయ్: పేరు అందరిదీ, ధర ఎవరిది?

ఎక్కువ గందరగోళం ఈ టీ దగ్గరే. 2005లో టోంగ్‌ములో తొలిసారి తయారైంది, చెప్పుకోదగ్గ చరిత్ర రెండు దశాబ్దాలే. కేవలం మొగ్గలతో చేస్తారు, అరకిలో టీకి 50 వేలకు పైగా మొగ్గలు కావాలని చెబుతారు. పొగ ఉండదు. అంతదాకా చైనాలో బ్లాక్ టీ అంటే ఎగుమతి సరుకే, దేశంలో గ్రీన్ టీ, ఊలాంగ్‌లకే గౌరవం. జిన్ జున్ మెయ్ దాన్ని కానుకగా ఇచ్చే స్థాయికి తీసుకెళ్లింది, ధరలు అమాంతం పెరిగాయి.

ధర పెరిగితే పేరు వాడుకునేవాళ్లూ పెరుగుతారు. దాన్ని మొదట తయారుచేసిన సంస్థ పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోవాలని చూసింది, పోటీ సంస్థ అభ్యంతరం చెప్పింది, చివరికి 2013లో బీజింగ్ హైకోర్టు జిన్ జున్ మెయ్ అనేది ఒక రకం టీకి వాడుకలో స్థిరపడిన సాధారణ నామం అని తేల్చింది. అంటే ఆ పేరు ఎవరి సొత్తూ కాదు. టోంగ్‌ముకు వందల కిలోమీటర్ల దూరంలో వేరే మొక్క మొగ్గలతో చేసినదాన్ని కూడా ఆ పేరుతో అమ్మొచ్చు. ఒకే పేరు మీద పది రెట్ల ధర తేడా కనిపిస్తే ఒకటి దొంగ సరుకని వెంటనే తీర్మానించనక్కర్లేదు. చవకది చాలావరకు వేరే ఊరిది, తాగడానికి బాగానే ఉండవచ్చు కూడా. అది టోంగ్‌ముదని చెప్పి అమ్మితేనే మోసం.

కీమున్ విషయంలోనూ ఇలాంటి పేచీయే నడిచింది. ఆ పేరు చీమెన్ జిల్లాకే చెందాలా, పక్కన ఎప్పటినుంచో అదే టీ చేస్తున్న ప్రాంతాలకూ చెందుతుందా అని కోర్టుల దాకా వెళ్లారు. మన డార్జిలింగ్‌కు భౌగోళిక గుర్తింపు ముందే దక్కింది కాబట్టి, అమల్లో ఎన్ని లోపాలున్నా కనీసం హద్దు ఎక్కడో కాగితం మీద ఉంది.

మన దగ్గర ధర పెరగడానికి సుంకం మరో కారణం. భారత్‌లో టీ దిగుమతి మీద మూల కస్టమ్స్ సుంకమే 100 శాతం.

10 సెకన్లా, 5 నిమిషాలా

ఇక కాచే విషయం. ప్యాకెట్ల మీద మూడు వేర్వేరు పద్ధతుల అంకెలు కలగాపులగంగా ఉంటాయి.

మొదటిది రుచి పరీక్షకుల పద్ధతి. చైనాలో 3 గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు, 5 నిమిషాలు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103 ప్రకారం 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములు, 6 నిమిషాలు. ఈ అంకెలు టీని రుచిగా తాగడానికి పెట్టినవి కావు. లోపాలు బయటపడాలి, వంద నమూనాలను ఒకే కొలతతో పోల్చగలగాలి, అందుకు పెట్టినవి. ఐదు నిమిషాల్లో వగరు, పొగ, మాడు, పులుపు ఏమున్నా దాగవు. దీన్ని చూసి ఇంట్లో అలాగే చేస్తే మంచి టీ కూడా గట్టిగా తగులుతుంది.

రెండోది పెద్ద కప్పు పద్ధతి: 200 మిల్లీలీటర్లకు 2 నుంచి 3 గ్రాములు, 90 నుంచి 95 డిగ్రీల నీళ్లు, 3 నిమిషాల అటూ ఇటూ. ఆఫీసులో, ప్రయాణంలో ఇదే సుఖం. గైవాన్ (మూత, సాసరు ఉన్న పింగాణీ గిన్నె) లేకపోతే మూతున్న గ్లాసు, వడగట్టు చాలు, స్టీలు గ్లాసైనా నష్టం లేదు గానీ మూతి కాలుతుంది.

మూడోది గోంగ్‌ఫూ పద్ధతి, 10 సెకన్ల లెక్క దీనిది. గైవాన్‌లో 100 నుంచి 120 మిల్లీలీటర్లు పడుతుంది. అందులో 4 లేదా 5 గ్రాముల ఆకు వేసి, నీళ్లు పోసి, 10 సెకన్లకే పూర్తిగా వంచేయాలి. రెండో విడత కూడా దాదాపు అంతే, తర్వాత్తర్వాత కొన్ని సెకన్లు పెంచుకుంటూ పోవాలి. ఆకు మోతాదు నాలుగింతలు కాబట్టి సమయం అంత తగ్గింది. సమయం ఒకదాన్నించీ, మోతాదు ఇంకోదాన్నించీ తీసుకుంటేనే చిక్కు: 2 గ్రాములు వేసి 10 సెకన్లకు వంచితే వేడినీళ్లు, 5 గ్రాములు వేసి 5 నిమిషాలు ఉంచితే కషాయం.

వంచినప్పుడు గిన్నెలో నీళ్లు మిగలనివ్వకపోవడం చాలామంది పట్టించుకోని విషయం. మిగిలిన నీళ్లలో ఆకు నానుతూనే ఉంటుంది, రెండో విడత చేదెక్కితే కారణం సాధారణంగా అదే. మొదటి విడత నీళ్లు పారబోస్తే కెఫీన్ పోతుందని ఒక నమ్మకం ఉంది. కొన్ని సెకన్లలో పోయేది స్వల్పమే, బ్లాక్ టీలో ఆ పని చేస్తే మంచి వాసనలో కొంత కాలువపాలు. నిద్ర పట్టదనుకుంటే సాయంత్రం మానేయడమే దారి, పైగా లేత మొగ్గల్లో కెఫీన్ ముదురాకుల కంటే ఎక్కువ.

వేడి సంగతికొస్తే మొగ్గల టీకి 85 నుంచి 90 డిగ్రీలు, డియన్‌హాంగ్, లాప్సాంగ్‌లకు 95 దాకా పర్వాలేదు. ఒక చిన్న విశేషం: యున్నాన్ రాజధాని కున్‌మింగ్ సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అక్కడివాళ్లు మరిగే నీళ్లు పోయండి అంటే అది విశాఖపట్నంలో మరిగే నీళ్లంత వేడి కాదు. మన దగ్గర థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్లను దించి ఒకటి రెండు నిమిషాలు ఆగితే సరిపోతుంది.

బోరు నీళ్ల సమస్య

ఆకు, కొలత, సమయం అన్నీ సరిగ్గా ఉన్నా టీ మసకగా, చప్పగా వచ్చి పైన సన్నటి తెట్టు కడితే నీళ్లను అనుమానించాలి. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు బాగా గట్టివి. వాటిలోని కాల్షియం, బైకార్బొనేట్లు టీ పదార్థాలతో కలిసి తెట్టును కడతాయి, రంగును ముదురు గోధుమకు తిప్పి మెరుపును చంపేస్తాయి. పాల టీలో ఇది పెద్దగా తెలియదు, ఆకు టీలో దాగదు. అయితే ఆర్ఓ నీళ్లు అన్నిటికీ మందు కాదు. ఖనిజాలు మరీ తీసేసిన నీళ్లలో టీ పల్చగా, ఒక్కోసారి పుల్లగా తగులుతుంది. లీటరుకు 50 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న ఖనిజాల మొత్తం) ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు, ఆర్ఓ యంత్రంలో దాన్ని సర్దే మీట ఉంటే తిప్పి చూసుకోవచ్చు.

రుచి చూడటంలో ఏం గమనిస్తారు

పరీక్షకులు గట్టిగా చప్పుడు చేస్తూ జుర్రుకోవడం మొరటుతనం కాదు. టీ తుంపరగా మారి నోరంతా పరుచుకుంటుంది, ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. రుచి అని మనం అనుకునేదాంట్లో పెద్ద వాటా ఈ దారిలో వచ్చే వాసనదే, జలుబు చేసినప్పుడు ఏ టీ అయినా ఒకేలా ఉండటం అందుకే.

రంగులో ముదురు కంటే మెరుపును చూస్తారు. తెల్లటి కప్పు అంచు వెంట బంగారు రంగు వలయం కనిపిస్తే థియాఫ్లావిన్లు బాగున్నాయని గుర్తు. చల్లారాక మసకబారితే కొందరు పాడైందనుకుంటారు. థియాఫ్లావిన్లు, కెఫీన్ కలిసి గడ్డకట్టడం వల్ల వచ్చే మసక అది, మళ్లీ వేడిచేస్తే విడిపోతుంది, గట్టి డియన్‌హాంగ్‌లో బాగా కనిపిస్తుంది. ఆపైన ఖాళీ కప్పు వాసన. వేడిగా ఉన్నప్పుడు ఏ టీ అయినా ఘుమఘుమలాడుతుంది, చల్లారిన కప్పులో తీపి వాసన మిగలడం మంచి తయారీకి నమ్మదగిన గుర్తు. పైనుంచి ఏదైనా సువాసన కలిపిన టీ అయితే మొదటి రెండు విడతల్లో విపరీతంగా ఉండి మూడోదానికి ఒక్కసారిగా మాయమవుతుంది.

మొదట ఏది కొనాలి

చాయ్‌కి అలవాటుపడ్డ నాలుకకు నేరుగా జిన్ జున్ మెయ్ ఇస్తే ఆ డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ. చిక్కదనం ఉన్న మధ్యరకం డియన్‌హాంగ్ సులువైన మెట్టు, అది కొద్దిగా పాలను కూడా ఓర్చుకుంటుంది. తర్వాత కీమున్. పొగ లాప్సాంగ్ కొందరికి మొదటి గుక్కలోనే నచ్చుతుంది, కొందరికి ఎన్నటికీ నచ్చదు, అందుకే చిన్న ప్యాకెట్‌తో మొదలుపెట్టడం తెలివి. అసలు ఆకు టీ పడుతుందో లేదో తెలుసుకోవడానికి చైనా దాకా వెళ్లక్కర్లేదు కూడా. నీలగిరుల నుంచి, అస్సాం నుంచి సీటీసీ కాని ఆర్థొడాక్స్ ఆకు టీ తక్కువ ధరకే వస్తుంది, పైన చెప్పిన 3 నిమిషాల పద్ధతి దానికీ సరిపోతుంది. డార్జిలింగ్ తోటల్లో చాలావరకు ఉన్నది చైనా రకం మొక్కే, వాసన పరంగా కీమున్‌కు దగ్గరగా వచ్చేది అదే.

కొన్నాక నిల్వ. మంచి టీలో తేమ ఆరేడు శాతానికి మించదు. కోస్తా జిల్లాల్లో వర్షాకాలం ప్యాకెట్ నోరు తెరిచి వదిలేస్తే కొన్ని రోజుల్లోనే మెత్తబడి వాసన పోగొట్టుకుంటుంది. గాలి చొరని స్టీలు డబ్బా మంచిది, పోపుల డబ్బాకు, అగరొత్తులకు దూరంగా. టీ ఆకు పక్కనున్న వాసనలన్నీ పీల్చుకుంటుంది, ఇంగువ పక్కన నెల రోజులున్న కీమున్‌ను ఏ గైవానూ కాపాడలేదు.